తిరిగి వచ్చిందెవరు?

ఈ మధ్య కోటగిరిలో ఒక పెండ్లి బరాత్‌లో డీజే మీద తమిళ పాట ‘కలసల కలసల’ విన్నాను. భాష తెలియని కుర్రాళ్లు అలుపు లేకుండా ఎగురుతున్నారు. పక్కనున్న సాహిత్య విద్యార్థి ఫోన్‌లో వీడియో చూపించి, “ఎల్.ఆర్. ఈశ్వరి కమ్‌బ్యాక్ పాట సార్” అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు పేచీ.

2011లో వచ్చిన ‘ఒస్తి’ సినిమా హిందీ ‘దబంగ్’కు తమిళ రూపం. అక్కడ ‘మున్నీ’ పాట ఉన్న చోట ఇక్కడ ఇది ఉంది. సంగీతం తమన్‌ది. తెర మీద ఆడేది మల్లికా షెరావత్. గొంతు మాత్రం డెబ్బై దాటిన ఈశ్వరిది. వాద్యాల హోరు ఎంత పెరిగినా ఆ గొంతు లొంగదు. అందులో బతిమాలడం లేదు, జంకు లేదు. ఈ పాటలో నిలిచేది అదే. కెమెరాకు కావలసింది మాత్రం నర్తకి దేహం. 1971లో ‘ప్రేమనగర్’, 1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ నాడు ఉన్న ఏర్పాటే ఇది: గొంతు ఒకరిది, పెదవులు మరొకరివి.

అసలు ఈశ్వరి ఎక్కడికి పోయిందని తిరిగి రావడానికి? సినిమాలు పిలవడం తగ్గించిన ఏళ్లలో ఆమె అమ్మవారి పాటలు పాడింది. పుట్టుకతో క్రైస్తవురాలు. అయినా ఆడి మాసం వస్తే తమిళనాట మారియమ్మ గుళ్ల మైకుల్లో ఆమె గొంతే మోగుతుంది. జనం ఆమెను మరిచిపోలేదు. మరిచింది వ్యాపార సినిమా. తాను మరిచిన కాలాన్ని కళాకారిణి ‘లేని కాలం’గా లెక్క కట్టి, మళ్లీ అవసరం పడ్డప్పుడు ‘పునరాగమనం’ అని పేరు పెట్టింది.

ఈ లెక్క మా చెరకు ప్రాంతానికి కొత్తది కాదు. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. పని తెలిసిన చేతులు మూతపడలేదు. ‘మళ్లీ తెరుస్తాం’ అనే మాటలో ఆ చేతుల ప్రస్తావన ఎంత?

తెలుగులో సంగతి ఇంకా విచారకరం. అదే ‘దబంగ్’ 2012లో ‘గబ్బర్ సింగ్’ అయినప్పుడు, అదే చోటికి ‘మున్నీ’ పాడిన మమతా శర్మ గొంతును, ఆడిన మలైకా అరోరాను తెచ్చుకున్నారు. ఈశ్వరి గొంతుతో ఒకనాడు హాళ్లు నింపుకున్న పరిశ్రమే ఇది.

మన వంతు తప్పూ ఒప్పుకోవాలి. క్లబ్బు పాటలను అశ్లీలమని మన విమర్శకులు ఖండించారు. స్త్రీ దేహాన్ని సరుకు చేయడం మీద ఆ కోపం న్యాయమే. కానీ ఆ ఖండనలో పాడిన మనిషి శ్రమ కూడా కొట్టుకుపోయింది. రచయిత ఎవరని అడిగాం, నిర్మాత ఎవరని అడిగాం. పాడినామెకు ఏం దక్కిందని అడగలేదు. ఆమెకు తలుపులు మూసుకుపోతున్నప్పుడు మనం రాసింది లేదు.

ఆ విద్యార్థికి నేను చెప్పింది ఇంతే: “ఈ పాట మీద వ్యాసం రాయి. కానీ ‘తిరిగి వచ్చింది’ అని మొదలుపెట్టకు. ఎవరు పిలవడం మానేశారో, ఎందుకు మానేశారో, అక్కడ మొదలుపెట్టు.”