పెన్నేటి పాట పనితనం

అనంతపురం జిల్లా శింగనమల మండలంలో తరిమెల అనే ఊరుంది. చాలామందికి అది కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఊరుగా తెలుసు. విద్వాన్ విశ్వం కూడా 1915లో అక్కడే పుట్టాడు. 1956లో అచ్చయిన ఆయన ‘పెన్నేటి పాట’ రాయలసీమ కరువు మీద వచ్చిన రచనలకు పెద్దదిక్కు. పేరుకు కావ్యమే గానీ అందులో కథ ఉంది, పాత్రలున్నాయి, ఊరుంది. అందుకే సీమ సాహిత్యం గురించి మాట్లాడేవాళ్లెవరూ దాన్ని పక్కనపెట్టి మాట్లాడరు. అయితే దాని గొప్పతనమంతా కరువు ఖాతాలో వేసి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. కరువు మీద రాసినవాళ్లు తక్కువేం కాదు. ఈ పుస్తకం నిలబడింది పనితనం వల్ల.

ఒక్క చరణం చూడండి. దారిన పోయేవాణ్ణి నిదానించమని పెన్న నదిని చూపిస్తాడు కవి. నడక ఆరు మాత్రల గణాలది. ఒక్కో గణం లఘువుతో మొదలై, నడుమ రెండు గురువులతో బరువెక్కి, మళ్లీ లఘువుతో తేలిపోతుంది. ఇసకలో దిగబడిన కాలు పైకి లేచినట్టు. మూడు గణాలు అలా నడిచాక చివర రెండే రెండు మాత్రలు మిగులుతాయి. నాలుగో గణం పూర్తి కాదు. చదివేవాడి ఊపిరి అక్కడ తెగుతుంది. ఆ వెనకే ప్రశ్నలు వస్తాయి: నీళ్లేవీ, ఆ హోరేదీ అని. ఒక్కో ప్రశ్న ఒక్కో గణంలో సరిగ్గా ఇమిడిపోతుంది, అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు. జాలిపడమని విశ్వం అడగడు. మనచేత పైకి చదివిస్తాడు, మిగతా పని ఛందస్సు చేసేస్తుంది. ఇంత లెక్క తెలిసిన చెయ్యి లెక్క కనపడకుండా రాయడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

నది తర్వాతే మనుషులు. రంగడు, అతని భార్య గంగమ్మ. కాయకష్టం మీద బతికే జంట. రంగడు పుట్టు పేదవాడు కాదు, బతికి చెడిన రైతు ఇంటి బిడ్డ. కథకుడిగా విశ్వం చేసిన తెలివైన పని ఇదేనని నా నమ్మకం. మొదటినుంచీ లేనివాడైతే చదివేవాడు ఖర్మ అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఉండి పోగొట్టుకున్నవాడు కాబట్టి ఎందుకు పోయింది, ఎప్పుడు పోయింది అన్న ప్రశ్న పుడుతుంది. ఒకప్పుడు నీళ్లున్న నది, ఒకప్పుడు గింజలున్న ఇల్లు. రెండూ ఒకే అచ్చులో పోసినవి. ఆ పోలికను కవి విప్పి చెప్పకుండా మనకే వదిలేశాడు. కాదంబరినీ దశకుమార చరిత్రనూ తెలుగులోకి తెచ్చిన సంస్కృత పండితుడాయన. ఆ చదువును కూలివాడి ఇంటి ముందు ఎక్కడ దించి పెట్టాలో కూడా తెలిసినవాడు.

ఇటలీలో ఇలాంటి పని చేసినవాడు జొవాన్ని వెర్గా. ఆ దేశం 1861లో ఒక్కటైంది. ఇరవై ఏళ్లకు, 1881లో, ఆయన సిసిలీ జాలర్ల మీద ‘ఇ మలవోల్యా’ నవల రాశాడు. ఆ కుటుంబం ఒక రకం పప్పుగింజలను అప్పు మీద కొని పడవకెత్తుతుంది. తుఫానులో పడవ మునుగుతుంది, అప్పు మాత్రం తేలుతుంది. మనవళ్లలో లూకా 1866 నాటి లిస్సా నౌకాయుద్ధంలో చచ్చిపోతాడు. కొత్త దేశం ఆ ఊరికి సైన్యంలో చేర్చుకునే పిలుపుగా, పన్నుగా వస్తుంది. శనగకాయ విత్తనాలకు అప్పు చేసి మబ్బు వైపు చూసే అనంతపురం రైతుకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. వెర్గా సిసిలీ యాసలో రాయలేదు. దేశమంతా చదివే ఇటాలియన్‌నే తీసుకుని, దానికి సిసిలీ సామెతలూ మాటతీరూ పట్టించాడు. విశ్వం కూడా తెలుగువాళ్లందరికీ పరిచయమైన పద్యగేయ మార్గాన్నే ఎంచుకుని దానికి పెన్న నడక నేర్పాడు. శింగనమల ప్రాంతంలోనే పుట్టిన శాంతినారాయణ తర్వాతి కాలంలో ‘నాగులకట్ట సుద్దులు’లో ఇంకో దారి తొక్కాడు. అక్కడ చెప్పే గొంతే అనంతపురం పల్లె గొంతు. రెండు దారులూ ఈ నేలకు అవసరమే.

సీమకు జాతి, రాష్ట్రం అనే మాటలు తేలిగ్గా రాలేదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలివి. దత్తమండలాలన్న ఆ పాత పేరు పోయి ‘రాయలసీమ’ అన్నది 1928లో నంద్యాల సభలో వచ్చింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరులో హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్. సరిగ్గా ఆ ఏడే ‘పెన్నేటి పాట’ను అచ్చువేసింది తెలంగాణ రచయితల సంఘం. అనంతపురం కరువు పాట తెలంగాణ చేతుల మీదుగా తెలుగువాళ్లందరికీ అందింది. తన ఊరి నదిని వదలకుండా రాసినందువల్లే అది అందరిదీ అయింది. పెన్న పేరు తీసేసి ఊరూ పేరూ లేని ఏటి మీద రాసివుంటే కర్నూలు వాళ్లు కూడా పట్టించుకునేవాళ్లు కారు.

పుస్తకానికి యాభై ఏళ్లు నిండిన 2006లో, ఫిబ్రవరి 2న, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ ఊరు శింగనమల నియోజకవర్గంలోదే. ఊళ్లో పని అడగడం కూలివాడి హక్కని దేశం ఒప్పుకోవడం అలా రంగడి నేల మీదే మొదలైంది. అందుకే ఇక్కడి బడుల్లో పిల్లలచేత ఈ కావ్యాన్ని గొంతెత్తి చదివించండి, అర్థాలు తర్వాత చెప్పొచ్చు.