మోటారు కన్నా ముందు అమరం

మిన్నెసోటాలో మంచు కరగ్గానే ఇళ్ల ముందు ట్రైలర్ల మీద అమ్మకానికి పెట్టిన అల్యూమినియం బోట్లు కనిపిస్తాయి. మే నెలలో వాలై చేపల వేట మొదలవుతుంది కాబట్టి కొనేవాళ్లకూ తొందరే. మొన్న ఒక మిత్రుడు రెండు బోట్ల మధ్య తేల్చుకోలేక నన్ను వెంటబెట్టుకెళ్లాడు.

ఒకటి 14 అడుగుల లండ్. ఈ రాష్ట్రంలోనే న్యూయార్క్ మిల్స్‌లో తయారయ్యే రకం. రివెట్లతో బిగించిన పాత బోటు, రంగు వెలిసింది, మోటారూ పాతదే. రెండోది వెల్డింగ్ చేసిన 16 అడుగుల జాన్ బోటు. దాని అడుగు బల్లపరుపుగా ఉంది, మోటారు తళతళలాడుతోంది. ధరలు దాదాపు ఒకటే.

అతని చూపంతా మోటారు మీదే. నేను ముందు అమరం దగ్గర వంగుతాను. మోటారు బరువు మోసే ఆ వెనక పలక లోపల పాత బోట్లలో చాలావరకు ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగితే, పైన రేకు నున్నగా ఉండగానే లోపల చెక్క కుళ్లిపోతుంది. మోటారు కింది భాగం పట్టుకుని పైకీ కిందికీ ఊపితే సంగతి బయటపడుతుంది. జాన్ బోటు పలక కదిలింది. పైగా ఎవరో చెదమందు పట్టించిన ప్లైవుడ్ వేసి బాగుచేశారు. ఆ మందులో రాగి ఉంటే, తడి తగిలినచోటల్లా అల్యూమినియాన్ని తినేస్తుంది. అంచుల్లో అప్పటికే గుంటలు పడ్డాయి.

రివెట్లు కారుతాయన్న భయం నిజమే, కానీ దానికి మందుంది. ట్రైలర్ మీదే బోటులో చీలమండ లోతు నీళ్లు పోసి కిందనుంచి చూడాలి. కారే రివెట్టుకు సుద్దతో గుర్తుపెట్టి, ఒకరు ఒకవైపు ఇనుప దిమ్మె ఆనిస్తే మరొకరు రెండోవైపు సుత్తితో కొట్టి బిగించవచ్చు. సన్నటి రేకులో వెల్డింగ్ పక్కన పగులొస్తే మాత్రం చేయి తిరిగిన వెల్డరే కావాలి.

చిన్న చెరువుల్లో నిలబడి గాలం వేయడానికి జాన్ బోటు హాయి. మిత్రుడు వెళ్లేది మిల్ లాక్స్‌కు. దాదాపు 1,32,000 ఎకరాల సరస్సు, లోతు తక్కువ. గాలి లేస్తే అలలు ఇట్టే పెరుగుతాయి. అక్కడ అలను చీల్చే కోసు అడుగు కావాలి.

లండే కొనమన్నాను, కొన్నాడు. మీరూ మోటారు శబ్దం వినేముందు అమరం ఊపి చూడండి. లోపల అతికించిన ప్లేటుపై రాసిన గుర్రపుశక్తి కన్నా మోటారు పెద్దదైతే ఆ బోటు వద్దు. అమ్మేవాళ్లు తొందరపెడితే వచ్చేయండి, వేసవి పొడవునా ఇంకా బోట్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి.