రూపాయి పడితే ఎవరు లేస్తారు?

అంబేద్కర్ ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ గురించి మనలో చాలామందికి తెలిసింది ఒక్కటే: అది చదివే రిజర్వ్ బ్యాంకు పెట్టారని. ఏటా ఏప్రిల్ 14న వాట్సాప్‌లో తిరిగే మాట. పుస్తకం తెరిస్తే కథ దాదాపు తిరగబడుతుంది. డబ్బు ఎంత జారీ చెయ్యాలన్నది జారీ చేసేవాళ్ళ ఇష్టానికి వదిలెయ్యొద్దని వాదించిన పుస్తకమిది.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో సమర్పించిన ఈ పరిశోధన 1923లో అచ్చయింది. అప్పటికాయనకి 32 ఏళ్ళు. పదేళ్ళ ముందే కీన్స్ భారతదేశపు ద్రవ్య విధానాన్ని మెచ్చుకుంటూ ఒక పుస్తకం రాసి ఉన్నాడు. అంబేద్కర్ నేరుగా ఆయన్నే ఢీకొన్నారు. పౌనుతో రూపాయి రేటు కదలకపోతే సరిపోదు, ఇక్కడ బజార్లో ఆ రూపాయికి ఏమొస్తుందన్నది నిలకడగా ఉండాలి అన్నారు. దానికాయన చెప్పిన మందు (రూపాయల జారీకి చట్టంలో హద్దు, చలామణిలో బంగారం) ఇప్పుడు పనికిరాదు. రోగం పట్టుకున్న తీరు మాత్రం పాతబడలేదు.

ముఖ్యంగా ఒకచోట. 1925-27 మధ్య రూపాయికి 18 పెన్నీలా, 16 పెన్నీలా అని పెద్ద గొడవ నడిచింది. లెక్క సులువే. పౌనుకు 240 పెన్నీలు. 18 రేటైతే వంద పౌన్ల పత్తి అమ్మినవాడికి 1,333 రూపాయలు, 16 అయితే 1,500. పత్తి వ్యాపారులు ఏది కోరుకుంటారో చెప్పక్కర్లేదు. చివరికి 1927 చట్టంలో 18 ఖాయమైంది. అంబేద్కర్ ఆ గొడవకి ముందే పుస్తకంలో వేసిన ప్రశ్న వేరే: రూపాయి పడితే వచ్చే ఆ అదనం ఎవరిది? సీమవాడు ఒక్క పెన్నీ ఎక్కువివ్వలేదు కదా. ధరలు పెరిగినంత తొందరగా కూలి రేట్లు పెరగవు. ఆ తేడానే లాభంగా కనిపిస్తోంది. బయటినుంచి దేశానికొచ్చింది కాదు, దేశంలోనే ఒక వర్గం జేబులోంచి ఇంకో వర్గం జేబులోకి పోయింది.

ఇది చదివాక గుంటూరు మిర్చి యార్డు గుర్తురాక మానదు. తేజ రకం చైనాకి పోతుంది. డాలర్ పెరిగితే ఎగుమతిదారుకి నాలుగు రూపాయలు ఎక్కువ. (డాలర్ ప్రాజెక్టుల మీద బతికే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ నష్టమేం లేదు.) కాయ కోతకొచ్చిన కూలీ ఇంట్లో వాడేది దిగుమతైన పామాయిల్. ఆమెని చేను దాకా తెచ్చే ఆటో డీజిల్‌ది కూడా అదే కథ.

నా పేచీ కూడా ఇక్కడే. అంబేద్కర్ లెక్కలో ఉన్నవి రెండే గళ్ళు: కూలి ఇచ్చేవాడు, తీసుకునేవాడు. పర్చూరు వైపు కౌలు రైతుని ఏ గడిలో వెయ్యాలి? అతను కూలి ఇస్తాడు, కాబట్టి లాభపడాలి. కానీ పురుగుమందు రేటు ముందే పెరుగుతుంది, పంట రేటు కమీషన్ ఏజెంట్‌ని దాటుకుని అతని దాకా వస్తే వచ్చినట్టు. నిడుబ్రోలు రంగా గారు అదే దశకంలో పల్లెల ఆర్థిక వ్యవస్థ మీద రాసిన సంపుటాల్ని దీని పక్కన పెట్టుకుని చదవాలనేది అందుకే.

హాయిగా సాగే పుస్తకం కాదు. పట్టికలు, ఫుట్‌నోట్లు, వెండి ధరలు. ముందుమాట రాసిన ఎడ్విన్ కానన్ కూడా చాలా వాదనలు ఒప్పుకోలేదు. 1947లో పేరు మార్చి, ‘మొదటి సంపుటం’ అని వేసి మళ్ళీ అచ్చేశారు. రెండోది రాలేదు. 1966లోనూ, 1991లోనూ రూపాయి విలువ తగ్గించారు. కోత కూలీ వైపు నుంచి ఆ లెక్క ఎవరైనా రాస్తే చదవాలనుంది.