మొదటి మెట్టు దగ్గర: కంపోజర్, కార్గో, రిషివ్యాలీ కార్డులు

కమాండ్ విండోలో ఒక ప్రశ్న వచ్చి ఆగింది. ఈ ఫోల్డర్‌లో కంపోజర్ డాట్ జేసన్ లేదు, పై ఫోల్డర్‌లో ఒకటి ఉంది, దాన్ని వాడమంటావా అని. నిమ్మనపల్లెలో మా పక్క వీధి కుర్రాడు రోజూ బస్సులో మదనపల్లెకు వెళ్లి డిగ్రీ చదువుతున్నాడు. ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "నేనేం తప్పు చేసినానన్నా? పేజీలో రాసిన మాదిరే కొట్టినా గదా" అన్నాడు.

తప్పేమీ చేయలేదు. విండోస్‌లో కమాండ్ విండో తెరిస్తే అది మనల్ని మన పేరున్న యూజర్ ఫోల్డర్‌లో నిలబెడుతుంది. ముందు రోజు వాడు అక్కడి నుంచి ప్రాజెక్టు దాకా వెళ్లకుండా మధ్య ఫోల్డర్‌లోనే ఆగి, లైబ్రరీ పేజీ చూసి "కంపోజర్ రిక్వయిర్" అని కొట్టాడు. లైబ్రరీ దిగింది. వెండార్ అనే ఫోల్డర్, దానితోపాటు రెండు ఫైళ్లు పుట్టాయి. అయితే అవి పుట్టింది ప్రాజెక్టులో కాదు, ఫోటోలూ పాటలూ హాల్‌టికెట్లూ దాచుకున్న చోట. మరుసటి రోజు ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి పని మొదలుపెడితే ఈ ప్రశ్న ఎదురైంది. ఆ ఫైలు ప్రాజెక్టు అసలు ఫోల్డర్‌లోనే ఉండాలని కంపోజర్ పేజీలో రాసే ఉంది. అక్కడికి ఎలా వెళ్లాలో, ఇప్పుడు తానెక్కడున్నాడో తెలుసుకోవడమెలాగో మాత్రం లేదు.

ఆ రాత్రి రెండు పరిచయ పుటలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి పీహెచ్‌పీ భాషవాళ్లు వాడే కంపోజర్‌ది, ఇంకొకటి రస్ట్ భాషవాళ్లు వాడే కార్గోది. రెండూ ఓపెన్ సోర్స్ పనిముట్లే, రెండూ చేసేది దాదాపు ఒకే పని. నీల్స్ అడర్‌మన్, జోర్డి బొజియానో మొదలుపెట్టిన కంపోజర్ 2012లో జనంలోకి వచ్చింది. 2014లో వచ్చిన కార్గోను తయారుచేసిన యెహుదా కాట్జ్, కార్ల్ లెర్కీ అంతకుముందే రూబీ భాషకు బండ్లర్ అనే ఇలాంటి పనిముట్టును చేసినవాళ్లు. ఒకసారి చేసి, ఎక్కడెక్కడ జనం తడబడతారో చూసి, మళ్లీ చేసినవాళ్ల చెయ్యి కార్గో పుటల్లో నాకు కనిపించింది.

ఈ పనిముట్లు చేసే పని మన వైపు వాళ్లకు టమోటా నారుతో చెబితే సులువు. రైతు నర్సరీకి వెళ్లి ఫలానా రకం కావాలంటాడు. విత్తనం ప్యాకెట్ మీద రకం పేరుతోపాటు లాట్ నంబరు ఉంటుంది. రకం ఒకటే అయినా ఈ లాట్ బాగా కాస్తుంది, ఇంకో లాట్ మొలకలోనే దెబ్బతింటుంది. పక్క చేను పంటే నాకూ రావాలంటే రకం పేరు చెబితే చాలదు, లాట్ నంబరు చెప్పాలి. మన ప్రోగ్రాముకు పరుల లైబ్రరీలు కావాలి, ఆ లైబ్రరీలకు మరికొన్ని కావాలి. వాటన్నిటినీ పొందిక చూసి తెచ్చిపెట్టేది డిపెండెన్సీ మేనేజర్. కంపోజర్ డాట్ జేసన్‌లో మనం రాసేది రకం పేరు. కంపోజర్ డాట్ లాక్‌లో ఆ పనిముట్టు రాసుకునేది లాట్ నంబరు. కార్గోలోనూ అంతే, టామ్ల్ ఫైలు, లాక్ ఫైలు. ఈ రెండు ఫైళ్ల తేడా తెలిసిందా, సగం విద్య వచ్చినట్టే. కాబట్టి పరిచయ పుటను తూచడానికి నేను పెట్టుకున్న తూనికరాయి ఇదే: ఈ తేడాను చదువరి చేతికి ఎప్పుడు అందిస్తుంది, ఎలా అందిస్తుంది?

కంపోజర్ పరిచయం నిర్వచనంతో మొదలవుతుంది. ఇది యమ్, ఆప్ట్ లాంటిది కాదు అంటుంది. ఎన్‌పీఎం, బండ్లర్‌ల నుంచి స్ఫూర్తి పొందిందంటుంది. నిజాయితీగా, పొదుపుగా రాసిన మాటలే. ఇప్పటికే ఆ నాలుగూ వాడినవాడికి ఒక్క నిమిషంలో విషయం తేలిపోతుంది. కానీ మా కుర్రాడికి అవి నాలుగు కొత్త పేర్లు, తెలియనిదాన్ని తెలియని వాటితో పోల్చి చెప్పడం. తర్వాత సిస్టమ్‌కు ఏమేం కావాలో, ఇన్‌స్టాల్ చేయడం ఎలాగో వస్తాయి. అసలు వాడకం రెండో అధ్యాయంలో. అక్కడ మోనోలాగ్ అనే లాగింగ్ లైబ్రరీని ఉదాహరణగా తీసుకున్నారు. మంచి ఎంపిక, చిన్నది, నిజంగా పనికొచ్చేది. కానీ ఆ అధ్యాయం మొదట్లోనే ప్యాకేజీని ప్యాకజిస్ట్ అనే ఉమ్మడి గోదాములో ప్రచురించాలంటే ఈ ఫైలు ఎక్కడుండాలన్న ప్రస్తావన దూరింది. వంట నేర్చుకోవడానికి వచ్చినవాడికి హోటల్ లైసెన్సు సంగతి ఇప్పుడెందుకు?

అక్కడి నుంచి వరస ఇలా సాగుతుంది: ప్యాకేజీ పేర్లు, వెర్షన్ నిబంధనలు, అప్‌డేట్, లాక్ ఫైలు, ఇన్‌స్టాల్, ప్యాకజిస్ట్, ప్లాట్‌ఫామ్ ప్యాకేజీలు, ఆటోలోడింగ్. దిగిన లైబ్రరీని మన ప్రోగ్రాములోకి పిలిచి, ఒక హెచ్చరికను ఫైల్లో రాయించే నాలుగైదు లైన్ల కోడ్ ఈ చివరి భాగంలో ఉంది. ఇదంతా దేనికోసమో కళ్లతో చూసే మొదటి క్షణం అధ్యాయం ముగిసేచోట వస్తుంది. ఈ పుటలో నన్ను ఎక్కువగా బాధించింది ఇదే. ఆ లైన్లు రాసి ఉన్నాయి, చక్కగా పనిచేస్తాయి. ఉండాల్సిన చోట లేవు, అంతే.

కార్గో పుస్తకం మొదటి మెట్టు చూడండి. "కార్గో న్యూ" అని ఒక ఆదేశం ఇస్తుంది. అది ఫోల్డర్‌ను తానే సృష్టిస్తుంది. వెంటనే ఆ ఫోల్డర్‌లోకి వెళ్లే ఆదేశం. ఆ వెంటనే లోపల ఏ ఫైళ్లు ఉన్నాయో చూపే చిన్న చెట్టు. ఆపైన బిల్డ్, రన్, తెర మీద పలకరింపు. బిల్డ్, రన్ లాంటి ఆదేశాల కింద తెర మీద ఏం కనిపించాలో కూడా అచ్చువేశారు. మా కుర్రాడు తప్పు ఫోల్డర్‌లో చిక్కుకున్నట్టు ఇక్కడ చిక్కుకోవడం కష్టం. ఎక్కడ నిలబడాలో పుటే చెయ్యి పట్టుకుని చూపిస్తుంది. కంపోజర్ అధ్యాయం ఆదేశాన్ని ఇచ్చి ముందుకు వెళ్లిపోతుంది. కొట్టాక వచ్చింది సరైనదో కాదో పోల్చుకోవడానికి చదువరి దగ్గర ఏమీ ఉండదు. ఒక్కడే కూర్చుని చదివేవాడికి, అందులోనూ ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవాడికి, ఆ పోలికే సగం ధైర్యం.

అలాగని కార్గోకు పూర్తి మార్కులు వేయలేను. ఆ పలకరింపు ప్రోగ్రాముకు బయటి లైబ్రరీ ఒక్కటీ అక్కర్లేదు. మొదటి మెట్టు ఎక్కినవాడికి కార్గో అంటే ప్రోగ్రామును కంపైల్ చేసే యంత్రం అనిపిస్తుంది. డిపెండెన్సీ అనే మాట గైడ్‌లో ఇంకొన్ని అధ్యాయాలు తిప్పాక గాని చేతికి రాదు. పైగా విండోస్‌లో రస్ట్ మామూలుగా నడవాలంటే మైక్రోసాఫ్ట్ వారి సీ ప్లస్ ప్లస్ బిల్డ్ టూల్స్ కూడా కావాలి. అది చిన్న డౌన్‌లోడ్ కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద చదువుకునే పిల్లలకు మొదటి గోడ అదే.

ఇక లాట్ నంబరు సంగతి. కార్గో పుస్తకంలో టామ్ల్, లాక్ ఫైళ్ల తేడాకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. మొదట రెండు ముక్కల్లో తేల్చేస్తుంది: ఒకటి నువ్వు రాసేది, స్థూలంగా చెప్పేది. రెండోది కార్గో రాసుకునేది, ఖచ్చితమైనది, నువ్వు చేత్తో దిద్దకూడనిది. ఆ తర్వాత ఇద్దరు మనుషుల కథ చెబుతుంది. నేను ఈ రోజు బిల్డ్ చేశాను, నీకు పంపాను, నువ్వు రేపు చేశావు, ఈలోగా లైబ్రరీ మారిపోయింది. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే అనుకుంటున్నాం, కానీ కాదు. ఆ ఇబ్బంది చదువరికి తగిలాకనే లాక్ ఫైలు ప్రవేశిస్తుంది. జబ్బేమిటో తెలిశాక మందు ఇవ్వడం ఇది.

కంపోజర్ కూడా లాక్ ఫైలును భద్రపరచమని గట్టిగానే చెబుతుంది, కారణమూ చెబుతుంది. చిక్కు ఆదేశాల దగ్గర వచ్చింది. మొదటిసారి లైబ్రరీలు దించడానికి "అప్‌డేట్" కొట్టమంటుంది. లాక్ ఫైలు ఉన్న ప్రాజెక్టుకు "ఇన్‌స్టాల్" కొట్టమంటుంది. పనిముట్టు లోపలి లెక్కలో ఇది సరైనదే. అప్‌డేట్ పొందిక చూసి లాక్ ఫైలు రాస్తుంది, ఇన్‌స్టాల్ అందులో ఉన్నది ఉన్నట్టు దించుతుంది. కానీ మనిషికి మొదట నేర్చిన మాటే నాలుక మీద నిలుస్తుంది. మా కుర్రాడు తన స్నేహితుడి ప్రాజెక్టు తెచ్చుకున్న రోజు కూడా అప్‌డేట్ కొట్టాడు. లాట్ నంబర్లన్నీ మారిపోయాయి. స్నేహితుడి దగ్గర నడిచేది వీడి దగ్గర నడవలేదు. లాక్ ఫైలు ఏ కీడును ఆపడానికి పుట్టిందో, మొదటి పాఠంలో నేర్చిన ఆదేశమే ఆ కీడును తెచ్చింది. పరిచయ పుటలో మొదటి ఆదేశంగా "రిక్వయిర్" ఉండి, రెండోది "ఇన్‌స్టాల్" అయి, "అప్‌డేట్" మూడోదిగా, ఒక హెచ్చరికతో రావాలని నా గట్టి అభిప్రాయం.

ఈ రెండు పుటలనూ తూచేటప్పుడు నా మనసులో మూడోది ఒకటి మెదులుతూనే ఉంది. అది సాఫ్ట్‌వేర్‌ది కాదు. మదనపల్లెకు అవతల కురబలకోట మండలంలోని రిషివ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు పల్లె బడుల కోసం రూపొందించిన నేర్చుకునే నిచ్చెన. ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలు, ఒకే టీచరు. అందరికీ ఒకే పాఠం చెప్పడం కుదరదు. అందుకని పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. గోడ మీద నిచ్చెన పటం. బిడ్డ లేచి పటం దగ్గరికి వెళ్లి, తన మెట్టు ఏదో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తానే తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరు పక్కన కూర్చుని చేసేవి, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. పరిచయం చేసే కార్డు వేరు, అభ్యాసం చేయించేది వేరు, పరీక్షించేది వేరు. పరీక్షలో తడబడితే దిద్దుబాటు కార్డు ఉంటుంది. కర్ణాటకలో 1995లో హెచ్.డి. కోటెలో మొదలైన నలికలికి, చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003 నుంచి వచ్చిన కృత్యాధార బోధనకు ఇక్కడి నుంచే దారి దొరికింది.

ఆ నిచ్చెన పటం కూడా ఒక డిపెండెన్సీ పటమే. ఏ కార్డుకు ముందు ఏ కార్డు రావాలో తేల్చుకుని పేర్చినది. కూడిక రాకముందు గుణకారం కార్డు బిడ్డ చేతికి రాదు. లైబ్రరీల వరసను ఇంత పకడ్బందీగా తేల్చగల కంపోజర్, తన గురించి చెప్పుకునే మాటల వరసను మాత్రం అలా తేల్చుకోలేదు. ఆటోలోడ్ ఏమిటో తెలియకముందే ప్యాకజిస్ట్ ప్రచురణ వచ్చింది. ఇన్‌స్టాల్ తెలియకముందే అప్‌డేట్ వచ్చింది.

నిచ్చెనలో నాకు ఇంకా నచ్చేది మరొకటి ఉంది. కోతల కాలంలో పదిహేను రోజులు బడి మానేసిన బిడ్డ తిరిగొస్తే, తరగతి ముందుకెళ్లిపోయిందన్న బెంగ లేదు. తన కార్డు తన కోసం అక్కడే ఉంటుంది. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక నెల తర్వాత కంపోజర్ వైపు తిరిగి చూసే విద్యార్థికి అలాంటి చోటు ఏదీ? ఒకే పొడుగాటి పుటలో తాను ఎక్కడ ఆగాడో వాడికి గుర్తుండదు.

దిద్దుబాటు కార్డు మాటకొస్తే రెండు పరిచయాలూ అక్కడ ఓడిపోతాయి. కంపోజర్‌లో తప్పులు సరిచేసే వ్యాసం వేరే చోట ఉంది. అందులో ఒక సలహా బంగారం లాంటిది: ఎవరినైనా అడిగే ముందు "కంపోజర్ డయగ్నోజ్" కొట్టి చూడు. ఆ ఒక్క వాక్యం ఇన్‌స్టాల్ చేసిన మరుక్షణం, మొదటి పుటలో ఉండాలి. పీహెచ్‌పీలో ఒక ఎక్స్‌టెన్షన్ లేకపోతే కంపోజర్ ప్రాబ్లమ్ 1 అంటూ పొడుగాటి సందేశం ఇస్తుంది. ఏది లేదో ఆ సందేశంలోనే స్పష్టంగా ఉంటుంది. కానీ కొత్తవాడు మొదటి లైను చూసి బెదిరిపోయి విండో మూసేస్తాడు. సందేశాన్ని కింది నుంచి పైకి చదవమని ఎవరైనా ఒక్కసారి నేర్పితే చాలు. కార్గో తరచూ అడిగే ప్రశ్నలను పుస్తకం చివరికి నెట్టింది. కార్గో తప్పు సందేశాలు చాలాసార్లు తామే దారి చెబుతాయి కాబట్టి ఆ లోటు అంత బాధించదు.

కంపోజర్ డాక్యుమెంటేషన్ అంతా ఆ ప్రాజెక్టు కోడ్‌తోపాటే, డాక్ అనే ఫోల్డర్‌లో, మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంది. ఎవరైనా మార్పు రాసి పంపవచ్చు. విమర్శ రాసి ఊరుకోవడం నాకు సరిపోలేదు. ఒక ఆదివారం కూర్చుని ఆ వాడకం అధ్యాయాన్ని ఆరు కార్డులుగా తిరగరాశాను. ఒకటి, నువ్వెక్కడున్నావో చూసుకో. రెండు, కొత్త ఫోల్డర్ చేసి అందులోకి వెళ్లు. మూడు, మోనోలాగ్ దించు. నాలుగు, ఈ ఐదు లైన్లు రాసి నడుపు. ఐదు, పుట్టిన రెండు ఫైళ్లు తెరిచి రకం పేరు ఎక్కడుందో, లాట్ నంబరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. ఆరు, వెండార్ ఫోల్డర్ మొత్తం తీసేసి, ఇన్‌స్టాల్ కొట్టి, అవే నంబర్లు తిరిగొచ్చాయో లేదో సరిచూడు. ప్రతి కార్డు కింద రెండు మాటలు: ఇలా కనిపించాలి, కనిపించకపోతే ఇక్కడికి వెళ్లు.

కుర్రాణ్ణి పిలిచి, నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు గబగబా దాటాడు. నాలుగో కార్డు దగ్గర ఆగిపోయాడు. కోడ్ సరిగ్గానే రాశాడు, నడిపాడు, తెర మీద ఏమీ రాలేదు. హెచ్చరిక వెళ్లింది యాప్ డాట్ లాగ్ అనే ఫైల్లోకి, తెర మీదికి కాదు. ఆ సంగతి నేను రాయలేదు. నాకు తెలుసు కాబట్టి రాయాలని తట్టలేదు. "ఏమీ రాలేదన్నా" అని వాడు నా వైపు చూశాడు. పెన్ను తీసి నాలుగో కార్డు కింద రాసుకున్నాను: ఇప్పుడు ఫోల్డర్ తెరువు, కొత్తగా ఒక ఫైలు వచ్చి ఉంటుంది.