ఇరవై పేజీల పరీక్ష

రాయప్రోలు సుబ్బారావు కొడుకు శ్రీనివాస్ చదువు కోసం అమెరికా వెళ్లాడు. చేరింది స్టాన్‌ఫర్డ్‌లో, చదివింది సివిల్ ఇంజినీరింగ్. మనసు మాత్రం కవిత్వం మీద ఉంది. న్యూజెర్సీలో డాక్టరుగా పనిచేస్తున్న కవి విలియం కార్లోస్ విలియమ్స్‌తో 1949లో మొదలైన ఉత్తరాలు 1958 దాకా నడిచాయి. స్వదేశం తిరిగొచ్చాక ఇంజినీరు ఉద్యోగం చేస్తూనే ఇంగ్లిషులో కవిత్వం రాశాడు, ‘ఈస్ట్ అండ్ వెస్ట్’ అనే పత్రిక నడిపాడు. తెలుగులో నవ్యకవిత్వానికి తొలి పేర్లలో ఒకటిగా నిలిచిన కవి ఇంటి బిడ్డ కూడా సముద్రం దాటింది ఇంజినీరింగ్ సీటుతోనే.

ఆ తరంలో సాహిత్యం చదవడానికి అమెరికా వెళ్లినవాళ్లకు తిన్నగా తెరిచిన తలుపు దొరకడం అరుదు. ఏ.కె.రామానుజన్ మైసూరులో ఇంగ్లిష్ ఎం.ఏ. చేసి, కాలేజీల్లో ఇంగ్లిషు పాఠాలు చెప్పి, 1959లో ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లింది భాషాశాస్త్రం కోసం. 1963లో డాక్టరేట్ వచ్చింది కూడా అందులోనే. గాయత్రీ స్పివాక్ 1961లో కలకత్తా నుంచి కార్నెల్‌కు అప్పు చేసి వెళ్లారు. ఇంగ్లిష్ శాఖలో ఆర్థిక సాయం దొరక్కపోవడంతో, అప్పుడప్పుడే మొదలైన తులనాత్మక సాహిత్య శాఖకు మారారు. అక్కడ కావలసిన ఫ్రెంచి, జర్మన్ ఆమెకు అంతగా రావు. అయినా పాల్ డి మాన్ దగ్గర యేట్స్ మీద పరిశోధన చేసి 1967లో పట్టా అందుకున్నారు.

ఇప్పుడు తలుపు ఎక్కడుందో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో ఇఫ్లూలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎం.ఏ. ఇంగ్లిష్ చేస్తున్న విద్యార్థి హాస్టల్ గదిలో కూర్చుని హార్వర్డ్ దరఖాస్తు తెరవచ్చు. మార్కుల జాబితాలు, ముగ్గురు అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఎస్.ఓ.పి. అని అందరూ పిలుచుకునే లక్ష్య ప్రకటన, రాత నమూనాగా ఒక వ్యాసం. ఆ వ్యాసం చాలాచోట్ల 15 నుంచి 25 పేజీలు ఉండాలి. గడువులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి.

ఒకప్పుడు వీటితోపాటు జీఆర్‌ఈలో ఆంగ్ల సాహిత్యం సబ్జెక్ట్ టెస్ట్ కూడా ఉండేది. దాదాపు 230 బిట్లు, మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. పేరా చూపించి ఏ కవిదో, ఏ కాలానిదో గుర్తుపట్టమనేవారు. సాహిత్య శాఖలు దాన్ని ఒక్కొక్కటిగా వదిలేశాయి. 2021 ఏప్రిల్‌తో ఆ పరీక్షే రద్దయింది. జనరల్ జీఆర్‌ఈ స్కోరును కూడా చాలా ఇంగ్లిష్ శాఖలు అడగడం మానేశాయి.

అదే కాలంలో మన దగ్గర బండి ఎదురు దిక్కుకు పోయింది. యూజీసీ నెట్‌లో వివరంగా రాసే పేపరు 2012 జూన్‌తో పోయింది. అప్పటినుంచి అంతా బిట్లే. 2024లో యూజీసీ ఇంకో అడుగు వేసి, పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ స్కోరునే వాడుకోవచ్చని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. సాహిత్యంలో పరిశోధనకు వచ్చే మనిషి పరీక్ష హాల్లో సాహిత్యం గురించి ఒక్క పేరా సొంతంగా రాయకుండానే అర్హత సంపాదించవచ్చు. ఇది చిన్న నష్టం కాదు. అక్కడి ప్రవేశ కమిటీ ఏ ఇరవై పేజీలను ముందేసుకుని చదువుతుందో, ఆ ఇరవై పేజీలు రాయడం నేర్పే చోటు ఇక్కడి సిలబస్‌లో దాదాపు లేదు. అందుకే ఈ దరఖాస్తు పని డిసెంబరుకు రెండు నెలల ముందు మొదలైతే చాలదు. ఏడాది ముందు వ్యాసంతో మొదలు కావాలి.

ఎలాంటి వ్యాసం? సాధారణంగా విద్యార్థులు ఎం.ఏ. డిసర్టేషన్‌లోంచి ఒక అధ్యాయం కోసి పంపుతారు. దానికి తల ఉండదు, మొండెమే ఉంటుంది. మొదటి ఆరు పేజీలు ఫూకో ఏమన్నాడో, హోమీ భాభా ఏమన్నాడో చెప్పడానికే పోతాయి. ఏడో పేజీలో నవల కనిపిస్తుంది, కథా సారాంశంగా. చదివే అధ్యాపకులకు ఫూకో తెలుసు. వాళ్లు వెతికేది ఈ విద్యార్థి ఒక పేజీని ఎలా చదువుతాడు, అక్కడ ఇంతకుముందు ఎవరూ ఆగని చోట ఎందుకు ఆగాడు, ఆగినందుకు ఏం దొరికింది అన్నది.

మన గురజాడ కన్యాశుల్కాన్నే తీసుకోవచ్చు. 1892లో తొలి ప్రదర్శన, 1897లో అచ్చు, 1909లో బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు. ఇప్పుడు అందరూ చదివేది ఆ రెండోదే. మొదటి దానిలో మధురవాణి పాత్ర చిన్నది. పన్నెండేళ్ల తర్వాత నాటకం చాలావరకు ఆమె తెలివి మీద నడుస్తుంది. 1897 నాటి ఇంగ్లిషు ముందుమాటలో గురజాడ సంఘ సంస్కరణ గురించి సూటిగా మాట్లాడాడు. రెండో కూర్పులో ఆ సంస్కర్తలూ, ఆ సంస్కరణా ఒక వేశ్య ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఆ పన్నెండేళ్లలో రచయిత ఏం మార్చాడు, ఏ రంగంలో ఏ మాట చేర్చాడు, దానివల్ల నాటకం తన ముందుమాటతోనే ఎలా విభేదించడం మొదలుపెట్టింది? రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని, రెండు మూడు రంగాలకే పరిమితమై రాస్తే ఇరవై పేజీలు ఇట్టే నిండుతాయి. రెండో పేజీ దాటేలోపు వాదమేమిటో తేలిపోవాలి. వెల్చేరు నారాయణరావు 2007లో చేసిన ఇంగ్లిషు అనువాదం ఉంది కాబట్టి తెలుగు రాని కమిటీ సభ్యులు కూడా ఆ నాటకాన్ని తెరిచి చూసుకోగలరు.

విచిత్రమేమిటంటే ఇలాంటి వ్యాసం రాయగల విద్యార్థులు చాలామంది తమ తెలుగు చదువును దరఖాస్తులో దాచేస్తారు. రావిశాస్త్రి కథలన్నీ చదివినవాళ్లు ఆ సంగతి ఎక్కడా చెప్పరు. టోనీ మోరిసన్ మీద వందమంది రాసినట్టే నూటొకటోవాళ్లుగా రాస్తారు. మోరిసన్ మీద రాయకూడదని కాదు. ఆ నూట ఒక్కమందిలో తెలుగు నేలమీదినుంచి వచ్చిన పాఠకుడి చూపు ఎక్కడుందన్నదే ప్రశ్న. తులనాత్మక సాహిత్యంలో రెండు మూడు భాషలు క్షుణ్ణంగా చదవగలగడం ప్రవేశానికే పునాది. ఇంట్లో మాట్లాడే భాషలో వెయ్యేళ్ల సాహిత్యం చదవగలగడం మామూలు సరుకు కాదు. నారాయణరావు విస్కాన్సిన్‌లో దశాబ్దాలపాటు పాఠం చెప్పారు. ఆయన ఆంధ్రా యూనివర్సిటీకి సమర్పించిన పరిశోధన ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’, పూర్తిగా తెలుగు కవిత్వం మీదిది, తెలుగులో రాసినది.

ఎస్.ఓ.పి. దగ్గర కన్సల్టెన్సీల సాయం పనికిరాదు. అమీర్‌పేటలో కంప్యూటర్ సైన్సుకు అచ్చు పోసిన నమూనాలో పేర్లు మార్చి ఇస్తే అది సాహిత్యానికి అతకదు. చిన్నప్పటినుంచి పుస్తకాలంటే ప్రాణం అని మొదలుపెట్టే ప్రకటన మొదటి వాక్యంలోనే గుంపులో కలిసిపోతుంది. పుస్తకాలంటే ప్రాణం లేనివాళ్లు ఆ శాఖకు దరఖాస్తు చేయరు కదా. వ్యాసంలో లేచిన ప్రశ్న పరిశోధనగా ఎటు సాగుతుంది, దానికి ఈ శాఖే ఎందుకు, అక్కడ ఎవరి పని దీనికి దగ్గర, ఏ గ్రంథాలయం అవసరం, ఏ భాష ఇంకా నేర్చుకోవాలి అన్నవి రెండు పేజీల్లో చెప్పాలి.

సిఫారసు లేఖల సంగతి మరీ బాధాకరం. “నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను” అనే గురువులు మన కాలేజీల్లో కొల్లలు. అందులో చెడ్డ మనసేమీ లేదు, పని ఒత్తిడి ఉంది, అలవాటు ఉంది. కానీ విద్యార్థి తన గురించి తాను రాసుకున్న మూడు లేఖలు ఒకే గొంతుతో వినిపిస్తాయి, చదివేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది. పైగా అక్కడ లేఖను అధ్యాపకులే నేరుగా వెబ్‌సైటులో ఎక్కించాలి, విద్యార్థి దాన్ని చూడకపోవడమే పద్ధతి. అందుకని లేఖ అడిగేటప్పుడే వ్యాసం ప్రతి చేతికివ్వాలి. క్లాసులో రాసిన మంచి పేపరు, పరిశోధన గురించి ఒక పేజీ కూడా ఇవ్వాలి. రాయడానికి సరుకు దొరికితే చాలామంది గురువులు శ్రద్ధగానే రాస్తారు.

డబ్బు మాట దాటవేయడానికి లేదు. పేరున్న అమెరికా విశ్వవిద్యాలయాల్లో సాహిత్యం పీహెచ్‌డీకి ఎంపికైతే మామూలుగా ఫీజు ఉండదు, అయిదేళ్లో ఆరేళ్లో జీవనభృతి ఇస్తారు, బదులుగా కొన్నాళ్లు పాఠాలు చెప్పాలి. ఎం.ఏ. అలా కాదు. పీహెచ్‌డీ ఇవ్వలేం గానీ ఎం.ఏ.లో చేరండి అని పిలుపొస్తే అది ఎక్కువసార్లు లక్షల రూపాయల బిల్లు. షికాగోలో 1996 నుంచి నడుస్తున్న ఏడాది హ్యుమానిటీస్ ఎం.ఏ.కు ఇలా మళ్లినవాళ్లు ఎందరో. చదువు మంచిదే. కానీ పొలం అమ్మి సాహిత్యం ఎం.ఏ. చేయమని ఏ మధ్యతరగతి ఇంటికీ సలహా ఇవ్వకూడదు. దళిత, ఆదివాసీ విద్యార్థులకు తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తుంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో మాత్రం 2022లో ఒక నిబంధన వచ్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్రలతోపాటు భారత సమాజంపై అధ్యయనాలకు కూడా ఆ సాయం వర్తించదు. తన కులం మీద, తన ఊరి పాట మీద పైదేశంలో పరిశోధన చేద్దామనుకున్న పిల్లకు అది తలుపు మూయడమే. ఆ నిబంధన పోవాలి.

దీనికితోడు సీట్లే తగ్గుతున్నాయి. 2025 ఆగస్టులో షికాగో విశ్వవిద్యాలయం తన కళలు, మానవీయ శాస్త్రాల విభాగంలో చాలా శాఖల్లో 2026-27కు కొత్త పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోబోమని చెప్పింది. అంతకుముందే బోస్టన్ యూనివర్సిటీ ఇంగ్లిష్‌తో సహా పలు శాఖల్లో ఒక ఏడాది ప్రవేశాలు ఆపింది. అందువల్ల ఇంగ్లిష్ శాఖలనే పట్టుకుని కూర్చోకుండా దక్షిణాసియా అధ్యయన శాఖలనూ, తులనాత్మక సాహిత్యాన్నీ, మతాల అధ్యయనాన్నీ చూడాలి. అట్లాంటాలోని ఎమరీలో తెలుగు సాహిత్యం, సంస్కృతి, చరిత్రలకు కొప్పాక కుటుంబం పేరుతో ఒక ఆచార్య పీఠమే ఉంది. ఆ పీఠంలో ఉన్న హర్షిత మృత్తింటి కామత్, నారాయణరావుతో కలిసి నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని ఇంగ్లిషులోకి తెచ్చారు.

ఖర్చు తగ్గించుకునే దారులూ ఉన్నాయి. ఒక్కో దరఖాస్తుకు వంద డాలర్ల చుట్టుపక్కల ఫీజు ఉంటుంది, పదిచోట్ల వేస్తే లక్షకు దగ్గరవుతుంది. మినహాయింపు కావాలని శాఖకు మర్యాదగా ఈమెయిల్ రాస్తే ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఫలితాలు ఫిబ్రవరి, మార్చిలలో వస్తాయి. నిధులతో సీటు వచ్చినవాళ్లు ఏప్రిల్ 15 దాకా జవాబివ్వనక్కర్లేదని చాలా విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం ఉంది. రెండు మూడు చోట్ల సీటు వచ్చినవాళ్లు వద్దనుకున్నదాన్ని మార్చిలోనే వదిలేస్తే, వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి ఏప్రిల్ మొదటి వారంలోనే కబురు అందుతుంది.