బంగారం దారి చూపిన గైడ్లు

1848 జనవరిలో కాలిఫోర్నియాలోని కొలోమా దగ్గర, సటర్ రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారు రేకులు దొరికాయి. ఆ మాట నిజమేనని డిసెంబరులో అధ్యక్షుడు పోక్ ప్రకటించాక అచ్చుయంత్రాలకు తీరిక లేకుండా పోయింది. ఏ దారిన పోవాలి, బండిలో ఎంత పిండి వేసుకోవాలి, ఎద్దులకు గడ్డీ నీళ్లూ ఎక్కడ దొరుకుతాయి అని చెప్పే పల్చటి గైడ్లు పుట్టుకొచ్చాయి. చాలావాటికి కాగితపు అట్ట, కొన్నిటికి మడతపెట్టిన పటం. జేబులో నలిగి, వానకు తడిసి, ఊరు చేరాక ఎందుకూ కొరగాకుండా పోయిన పుస్తకాలవి. దాచుకోవాలని దాదాపు ఎవరికీ తోచలేదు కాబట్టే ఇప్పుడింత అరుదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది విలియం క్లేటన్ 1848లో సెయింట్ లూయీస్‌లో అచ్చువేయించిన గైడు. మోర్మన్ల వలస కోసం రాసిందే అయినా బంగారం వేటకు బయల్దేరినవాళ్లూ దాన్ని వెంట తీసుకెళ్లారు. అంతకుముందు ఏడాది క్లేటన్ ఒక బండి చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, అది ఎన్నిసార్లు పైకొస్తుందో పక్కనే నడుస్తూ లెక్కపెట్టాడు. 360 చుట్లయితే ఒక మైలు. తర్వాత ఆ లెక్క కోసం కొయ్య పళ్లచక్రాల యంత్రమే చేయించారు. ఏ వాగు ఎంత దూరమో ఆ పుస్తకం అంత నమ్మకంగా చెప్పగలిగింది అందుకే.

అన్నీ అలాంటివి కావు. జోసెఫ్ వేర్ తాను నడవని దారికి, ఇతరుల నివేదికలు ముందేసుకుని 1849లో గైడు రాశాడు. అదే ఏడాది తానూ బయల్దేరి, జబ్బుపడి దారిలోనే చనిపోయాడు. 1859లో బంగారం కోసం పైక్స్ పీక్ ప్రాంతానికి వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్లు, గైడు ప్రచురించిన డి.సి. ఓక్స్ మీద కోపంతో ఆయన దిష్టిబొమ్మను పాతిపెట్టారు. అలాంటి గైడునూ వదలకూడదంటాను. జనం ఏం నమ్మి ఇల్లు విడిచారో చెప్పే సాక్ష్యం అదే.

సేకర్తలు ముందు తెరిచేది హెన్రీ వాగ్నర్ తయారుచేసిన, 1937లో చార్లెస్ క్యాంప్ సవరించిన గ్రంథసూచి. ఎన్ని పేజీలుండాలి, పటం ఉండాలా అన్నది అందులో చూసుకుంటారు. ధర ఎక్కువగా పటం మీదే ఆధారపడుతుంది, మోసం కూడా అక్కడే. పాత పటం ఎదుటి పేజీ మీద లేత గోధుమరంగు మచ్చ వదులుతుంది. ఆ మచ్చ, పటం మడతలు ఒకదానికొకటి సరిపోకపోతే పటం వేరే చోటి నుంచి వచ్చిందేమోనని అనుమానించాలి. భూతద్దంలో గీతల బదులు సన్నటి చుక్కలు కనిపిస్తే అది ఫొటో నకలు. ఆనాటి కాగితం ఎక్కువగా గుడ్డపేలికలతో చేసింది కనుక ఇప్పటికీ సులువుగా వంగుతుంది, పెళుసుగా విరగదు.

కొందరు మరకలు కడిగించి, కొత్త తోలు అట్ట వేయిస్తారు. ఆ పని చేయకండి. కడిగితే మార్జిన్లలో ప్రయాణికుడు రాసుకున్న మాటలు చెరిగిపోవచ్చు, అట్ట మారిస్తే పాత కుట్టు పోతుంది. చిరుగుకు జపాన్ కాగితం, గోధుమ గంజి చాలు. మిగతాది ఆమ్లం లేని అట్టపెట్టె చూసుకుంటుంది.