'నైపుణ్యం' ఎవరి మాట?

తెలంగాణ ప్రభుత్వంలో కార్మిక, ఉపాధి, శిక్షణ, ఫ్యాక్టరీల శాఖ ఒకటుంది. ఐటిఐలు దీని కింద. యూనివర్సిటీలు విద్యాశాఖ కింద. ఫైళ్ళ సౌకర్యం కోసం చేసిన ఏర్పాటేనంటారు. కాని చేతిపని ఒక గదిలో, చదువు ఇంకో గదిలో ఉండటం ఈ దేశంలో ఎన్నడూ ఉత్త సౌకర్యం కాదు. కులం పనినే కాక పనిచేసే మనుషుల్ని కూడా మెట్లు మెట్లుగా చీలుస్తుందని అంబేడ్కర్ 1936లోనే చూపించాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది కూడా ఆయనే. ఫోటోకు దండవేసే నాడు ఈ సంగతి ఎవరికి గుర్తొస్తది?

ఖమ్మం, భద్రాచలం అడవి అంచుకొచ్చి చూద్దాం. కొత్తగూడెంలో సింగరేణి, పాల్వంచలో కరెంటు, సారపాకలో కాగితం మిల్లు. ఎండాకాలమొస్తే తునికాకు. 1971 చట్టంతో ఆకు వ్యాపారం సర్కారు చేతికొచ్చింది. యాభై ఆకుల కట్ట లెక్కన కూలి. ఏ ఆకు బీడీకి పనికొస్తదో, ఏది చిరుగుతదో ఏరే వేళ్ళకే తెలుసు. ఇది నైపుణ్యం కాదా? ఆకు అటవీశాఖ పద్దు. మరి మనిషి ఎవరి పద్దు? మిరపతోటల్లో కాయ ఏరే మాదిగ, మాల, కోయ ఆడవాళ్ళు ఎవరి పద్దు? నైపుణ్యం ఉన్నోళ్ళు, సగం ఉన్నోళ్ళు, లేనోళ్ళు అని వేతనాల పట్టికల్లో మెట్లున్నాయి. కూలిపనికి మిగిలేది అడుగు మెట్టే.

2024లో టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకొని, 2,324 కోట్లతో 65 ఐటిఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. మిషన్లు రావాలె, వద్దనం. కాని మిషన్ ముందు నిలబడ్డోడు పుస్తకం ముందుకు ఎట్లా పోవాలె? ఇంజనీరింగ్ చదవాలంటే ముందు ఎల్‌పిసెట్ రాసి పాలిటెక్నిక్, ఆ తర్వాత ఈసెట్. ఒక్కో గడపకు ఒక్కో పరీక్ష, మళ్ళా ఫీజు. మా వాడలో యూనివర్సిటీ దాకా వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే. నాకంటే తెలివైనోళ్ళు ఫిట్టర్, వెల్డర్ కాడ ఆగిపోయిండ్రు. ఇంట్లో కూడు ఎవరు పెట్టాలె?

2025లో కొత్తగూడెం మైనింగ్ కాలేజీని మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చారు. సంతోషం. భూమిని తవ్వినోళ్ళ బిడ్డలు భూమిని చదివే చోటుకు ఏ తలుపు గుండా పోతారన్నదే దానికి అసలు పరీక్ష.

అందుకే అడుగుతున్నం. తునికాకు కల్లం దాకా కార్మికశాఖ తనిఖీ రావాలె. ఐటిఐ సర్టిఫికెట్టుకు యూనివర్సిటీలో సీట్లుండాలె. పని తెలిసినోళ్ళకు చదువు తగదన్నది పాత శాస్త్రం. శాఖల పేర్లతో దాన్ని తిరగరాస్తే ఒప్పుకునేది లేదు.